యోసేపు నాటాడట: గ్లాస్టన్‌బరీలో నాలుగు రోజులు

మొదటి రోజు, జనవరి 3

క్రిస్మస్‌కి రమ్మని బ్రిస్టల్‌లో ఉన్న మా అక్క కూతురు టికెట్ పంపింది. వచ్చి పది రోజులైంది. "ఇక లండన్ చూద్దామా పిన్నీ?" అంది. "లండన్ ఎక్కడికీ పోదు గానీ, ముందు గ్లాస్టన్‌బరీ తీసుకెళ్లు నాన్నా" అన్నాను.

ఎందుకో చెప్పాలి. మాది గుంటూరు లూథరన్ కుటుంబం. గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు వింటూ కూర్చునేవాళ్లం. ఆఖర్న వచ్చేవాడు అరిమతయియ యోసేపు. శిష్యులందరూ చెదిరిపోయినప్పుడు ధైర్యంగా రోమా అధిపతి పిలాతు దగ్గరికి వెళ్లి, దేహం అడిగి తెచ్చి, తన కోసం తొలిపించుకున్న కొత్త సమాధిలో పెట్టిన మనిషి. ఆ తర్వాత బైబిల్లో ఆయన మాటే లేదు. చిన్నప్పుడు మా అమ్మని అడిగేదాన్ని, తర్వాత ఏమయ్యాడమ్మా అని. తెలియదనేది.

ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ జిల్లాలో ఒక చిన్న ఊరు మాత్రం మాకు తెలుసంటుంది. యోసేపు క్రీ.శ. 63లో పన్నెండు మందితో ఇక్కడికొచ్చాడని, తడికలతో చర్చి కట్టాడని, బ్రిటన్‌కి అదే తొలి చర్చి అని. ముప్పై ఏళ్లు పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని. అది నిజం కాదని చాలా కాలంగా తెలుసు. ఎలా పుట్టిందో, ఎవరు ఏ ఇటుక పేర్చారో అక్కడ నిలబడి చూడాలనిపించింది.

బస్సు వెల్స్ మీదుగా వెళ్లింది. దారి పొడవునా వాన. నాలుగున్నరకే చీకటి పడిపోయింది. ఊరు మధ్య వీధంతా రాళ్లూ స్ఫటికాలూ అమ్మే షాపులు, అగరొత్తుల వాసన. ఆ చర్చి చోట వెలసిన పాత మఠం, ఇప్పుడు శిథిలం, దాన్నే ఇక్కడ 'అబ్బే' అంటారు. దాని గేటు మూసేశారు. 15వ శతాబ్దంలో యాత్రికుల కోసం కట్టిన సత్రం మాత్రం దీపాలు వెలిగించుకుని ఉంది, ఇప్పుడది హోటల్. రాతి ముఖద్వారం కాసేపు చూసి బసకి వెళ్లిపోయాం.

రెండో రోజు, జనవరి 4

గేటు తీసేసరికి మేమే మొదటివాళ్లం. వాన ఆగింది గానీ గడ్డి నిండా నీళ్లు. లోపలికి అడుగు పెట్టగానే కనిపించేది మరియమాత చాపెల్, అంటే చిన్న ప్రార్థన మందిరం. పైకప్పు లేదు. నాలుగు గోడలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి.

ఇక్కడే ఉండేదట ఆ పాత చర్చి. 1184 మే 25న మంటల్లో పోయింది. చర్చి ఒక్కటే కాదు, మఠంలో చాలా భాగం, పుస్తకాలు, పరిశుద్ధుల అవశేషాలు, అన్నీ. అప్పటికి ఇంగ్లండ్‌లో బాగా కలిగిన మఠాల్లో ఇదొకటి. 1086 నాటి రాజుగారి భూముల లెక్కలో దీని ఆదాయమే మఠాలన్నింటిలోకీ ఎక్కువ. యాత్రికులు వచ్చేదే ఆ పాత చర్చి కోసం, ఆ అవశేషాల కోసం. ఒక్క రోజులో ఏమీ లేకుండా పోయింది. ఆ సన్యాసుల మీద నాకు కోపం వచ్చినప్పుడల్లా ఆ మే నెల ఉదయం గుర్తు చేసుకుంటాను.

రెండు మూడేళ్లలోనే ఈ చాపెల్ లేపారు. గోడ దగ్గరికి వెళ్లి చూశాను. బయటి వైపు గుండ్రటి కమానులు ఒకదానిలోంచి ఒకటి అల్లుకుంటూ పోతాయి. అప్పటికే దేశంలో కొసదేలిన కొత్త కమానులు మొదలయ్యాయి. అయినా వీళ్లు కావాలనే పాత తరహా పట్టుకున్నారు, కాలిపోయిన చర్చి ముసలితనం దీనికీ రావాలని. అంటే కథ రాయకముందే రాయి చేత చెప్పించారన్న మాట. ఉత్తర ద్వారం చుట్టూ క్రీస్తు పుట్టుక కథ చెక్కి ఉంది: మరియమ్మకు దూత వార్త చెప్పడం, జ్ఞానులు, హేరోదు చంపించిన పసిపిల్లలు. ఎనిమిది వందల ఏళ్ల వానకి ముఖాలు అరిగిపోయాయి. దక్షిణ ద్వారం దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. సృష్టి కథతో మొదలుపెట్టి ఒకటి రెండు బొమ్మలు చెక్కి వదిలేశారు. మిగతా కమాను అంతా ఖాళీ. శిల్పి ఉలి పెట్టి గీసుకోవడానికి సిద్ధం చేసిన నున్నటి రాయి అలాగే ఉండిపోయింది.

అది ఎందుకు ఆగిందో గానీ, డబ్బు మాత్రం ఆగింది. కట్టడానికి ధారాళంగా ఇచ్చిన రెండో హెన్రీ రాజు 1189లో చనిపోయాడు. కొడుకు రిచర్డ్‌కి క్రూసేడు యుద్ధం మీదే ధ్యాస. సగం లేచిన గోడలతో మఠం మిగిలింది. సరిగ్గా అప్పుడే, 1191లో, ఇదే చాపెల్‌కి దక్షిణంగా శ్మశానంలో తవ్వితే, బ్రిటన్ పాత కథల్లోని వీరుడు ఆర్థర్ రాజు దొరికాడు.

వేల్స్ రచయిత జెరాల్డ్ ఆ సంగతి రాసిపెట్టాడు. రెండు పాత రాతి స్తంభాల మధ్య చాలా లోతున, తొలిచిన ఓక్ మొద్దులో ఎముకలు. మోకాలి కింది ఎముకని అక్కడున్న పొడుగాటి మనిషి కాలి పక్కన పెట్టి చూస్తే మోకాలు దాటి మూడు వేళ్లు పైకి వచ్చింది. పక్కనే ఆడమనిషి బంగారు జడ. ఒక సన్యాసి ఆత్రంగా లాగితే పొడి అయిపోయింది. ఒక సీసపు సిలువ, దాని మీద లాటిన్లో రాత: ప్రఖ్యాతుడైన ఆర్థర్ రాజు, రెండో భార్య గ్వెనెవేర్‌తో, అవలోన్ దీవిలో ఇక్కడ సమాధి అయ్యాడని. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఎవరి సమాధో చెప్పింది, పక్కన ఎవరో చెప్పింది, ఊరి పేరు అవలోన్ అని కూడా చెప్పేసింది. గాయపడిన ఆర్థర్‌ని తీసుకెళ్లిన దీవి అవలోన్ అని అంతకు యాభై ఏళ్ల ముందు వచ్చిన ఒక కథా గ్రంథం చెప్పింది, దాని వల్లే ఆ పేరు జనం నోళ్లలో నానుతోంది మరి. 1607లో ప్రచురించిన పుస్తకంలో అదే సిలువ బొమ్మ వేశారు. అందులో గ్వెనెవేర్ పేరే లేదు! ఆ సిలువ 18వ శతాబ్దంలో కనబడకుండా పోయింది.

రాజులకీ అది పనికొచ్చింది. ఆర్థర్ చనిపోలేదు, మళ్లీ వచ్చి మమ్మల్ని కాపాడతాడని వేల్స్ జనం నమ్మేవాళ్లు. ఎముకలు బయటపడితే ఆ ఆశకి తెర పడినట్టే. 1278లో, వేల్స్‌తో ఒక యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే, మొదటి ఎడ్వర్డ్ రాజు రాణితో స్వయంగా వచ్చి ఆ సమాధి తెరిపించి, ఎముకల్ని పట్టుబట్టల్లో చుట్టించి, పెద్ద బలిపీఠం ముందుకి మార్పించాడు.

ఆ చోటు ఇప్పుడు గడ్డిలో దీర్ఘచతురస్రం. పక్కన చిన్న బోర్డు. మా అమ్మాయి పైకి చదివింది. 1191లో ఆర్థర్ రాజు, రాణి దేహాలు దొరికాయని చెప్పారని ఉంది అందులో. "దొరికాయి అని లేదు పిన్నీ, దొరికాయని చెప్పారట" అంది. నాకు ఒళ్లు జలదరించింది. నేను ఇంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట కోసమే.

తెలుగులో మనకి ఒక అక్షరం ఉంది. 'వచ్చాడు' అంటే నాకు తెలుసు అని. 'వచ్చాడట' అంటే ఎవరో చెబితే విన్నాను, నిజానిజాలు దేవుడెరుగు అని. వేరే వాక్యం అక్కర్లేదు. ఆ 'ట' ఒక్కటి చాలు, చెప్పేవాడి నిజాయితీకి.

ఈ మఠం చరిత్రని మొదట రాసినవాడు విలియం. మామ్స్‌బరీ మఠంలో సన్యాసి, ఇంగ్లండ్ కన్న గొప్ప చరిత్రకారుల్లో ఒకడు. సుమారు 1130 ప్రాంతంలో ఇక్కడికొచ్చి, పాత దానపత్రాలు చదివి, శ్మశానంలో ఆ రెండు స్తంభాల దగ్గర నిలబడి, చెరిగిపోయిన పేర్లు కూడబలుక్కుని రాసుకున్నాడు. పాత చర్చిని ఆయన కళ్లారా చూశాడు. నేల మీద త్రికోణాలుగా, చతురస్రాలుగా పేర్చి సీసం పోసిన రాళ్ల గురించి ఎంత శ్రద్ధగా చెప్పాడో! క్రీస్తు శిష్యుల చేతులే ఈ చర్చి కట్టాయని కొన్ని పత్రాల్లో ఉందని ఆయన రాశాడు. ఆ శిష్యుల్లో ఒకడైన ఫిలిప్పు ఫ్రాన్సు దేశంలో బోధించాడు కాబట్టి సముద్రం దాటి ఇటువైపూ విత్తనం చల్లి ఉండొచ్చని కూడా అన్నాడు. కానీ వెంటనే, తేలని సంగతులతో పాఠకుల్ని మోసం చేయకుండా గట్టి విషయాలకి వెళతానని చెప్పేశాడు. యోసేపు పేరు ఆయన ఎత్తనే లేదు. ఆర్థర్ సమాధి ఎక్కడా కనబడదని ఇంకో పుస్తకంలో స్పష్టంగా రాశాడు. ఆ రెండు స్తంభాల మధ్య తర్వాత ఆర్థర్ 'దొరికాడు'.

ఆయన పోయిన వందేళ్లకి ఇక్కడి సన్యాసులు ఆయన పుస్తకాన్నే తీసుకుని లోపల కొత్త అధ్యాయాలు దూర్చారు. ఫిలిప్పు పంపాడు, పన్నెండు మంది వచ్చారు, క్రీ.శ. 63, తడికల చర్చి, రాజు ఇచ్చిన పన్నెండు 'హైడ్'ల (ఒక్కోటి ఒక కుటుంబానికి సరిపడేంత) భూమి. వాళ్లకి పెద్ద యోసేపు. 'ట' లన్నీ పోయాయి. అన్నీ విలియం పేరు మీదే. ఆ 13వ శతాబ్దపు ప్రతి కేంబ్రిడ్జ్‌లో ఉంది. మనకి దక్కింది అదే. ఆయన సొంత చేత్తో రాసిన మాటలు ఏవో, ఎక్కించినవి ఏవో విడదీయడానికి పండితులు ఆయన ఇతర గ్రంథాలతో పోల్చి చూడాల్సి వచ్చింది. నాకు ఆర్థర్ ఎముకల కన్నా ఇదే ఎక్కువ బాధ. ఇది కాదు, నాకు తెలియదు అన్న మనిషి నోట్లో, పోయాక, నాకు తెలుసు అన్న మాట పెట్టడం.

వెళ్లే ముందు చాపెల్ లోపల అంచున నిలబడి కిందికి చూశాం. నేల కూలిపోయి భూగర్భంలోని గది కనిపిస్తుంది. సుమారు 1500 ప్రాంతంలో రిచర్డ్ బీర్ అనే మఠాధిపతి యోసేపు పేరు మీద యాత్రికుల కోసం తొలిపించాడు. ఆయన ముద్రలో సిలువ, రెండు చిన్న కూజాలు: యేసు రక్తం ఒకదానిలో, చెమట ఇంకోదానిలో యోసేపు తెచ్చాడని అప్పటికి కథ పెరిగింది. అసలు దుఃఖం ఏమిటంటే, పాత చర్చి నేల ఎక్కడుందో సరిగ్గా అక్కడే తవ్వారు. ఏ తడిక గుంజ పాతిన గుంత మిగిలి ఉన్నా, ఏ మట్టిపొర మిగిలి ఉన్నా, ఆ తవ్వకంలో పోయింది. నిజంగా మొదట ఇక్కడేముందో తెలుసుకునే దారిని యోసేపు భక్తే మూసేసింది. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "చలిగా ఉంది, పద పిన్నీ" అనేదాకా నేను కదల్లేదు.

మూడో రోజు, జనవరి 5

మళ్లీ అబ్బేకే. మఠాధిపతి వంటశాల చూశాం. నాలుగు మూలలా నాలుగు పొయ్యిలు, పైన రాతి గోపురం, 14వ శతాబ్దం నాటిది చెక్కుచెదరలేదు. అంత పెద్ద చర్చి కూలిపోయి వంటిల్లు మిగిలింది.

మ్యూజియంలో తవ్వకాల సంగతులున్నాయి. 20వ శతాబ్దంలో ఇక్కడ తవ్వినవాళ్లలో కొందరు నిజం కోసం కాక కథ కోసం తవ్వారు. 1908 నుంచి తవ్విన ఒకాయన, చనిపోయిన సన్యాసులు కలం పట్టించి తనకి దారి చూపుతున్నారని పుస్తకం రాసి, ఆ తర్వాత ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1950లు, 60ల్లో తవ్విన మరొకాయన ఆర్థర్ గుంత దొరికిందన్నాడు. ఆయన నోట్సులనే రెడింగ్ యూనివర్సిటీవాళ్లు మళ్లీ మొదటి నుంచి చదివి, ఆ గుంతకీ ఆర్థర్‌కీ ముడిపెట్టే ఆధారం ఏదీ లేదని 2015లో తేల్చారు.

కానీ ఆ పాత పెట్టెల్లోనే వాళ్లకి వేరేవి దొరికాయి. తూర్పు మధ్యధరా తీరం నుంచి వచ్చిన మట్టి జాడీల పెంకులు, సుమారు 450 నుంచి 550 మధ్య నాటివి. నూనో ద్రాక్షారసమో మోసుకొచ్చిన జాడీలు. మఠం గురించి ఏ పత్రమూ చెప్పని కాలంలోనే ఇక్కడ మనుషులు ఉన్నారనడానికి అవి సాక్ష్యం. ఇంకా, గాజు కరిగించిన కొలుములు, 7వ శతాబ్దం చివరివి, సాక్సన్ల కాలపు ఇంగ్లండ్‌లో గాజు పనికి దొరికిన అతి పాత ఆనవాళ్లలో ఒకటి. రోమన్ల కాలపు పాత గాజు ముక్కల్ని కరిగించి కొత్తవి చేసేవాళ్లు.

యోసేపు దేశం వైపు నుంచే ఓడ వచ్చింది, జాడీ వచ్చింది. నాలుగైదు వందల ఏళ్లు ఆలస్యంగా, ఎవరి పేరూ లేకుండా. అరచేతిలో ఇమిడే మట్టి పెంకు. ఎవరో దాన్ని అంత దూరం పగలకుండా తెచ్చారు, ఇక్కడికొచ్చాక పగిలింది. సన్యాసులకి ఇది తెలిసి ఉంటే సీసపు సిలువ అవసరం పడేదా అనిపించింది నాకు. పడేదేలెండి. పెంకుని చూడ్డానికి యాత్రికులు రారు.

కథకి విలువ ఎంతదాకా వెళ్లిందంటే, ఐరోపా చర్చి పెద్దల మహాసభల్లో ఎవరు ముందు కూర్చోవాలి అన్న తగాదాలో ఇంగ్లండ్ ప్రతినిధులు యోసేపునే సాక్షిగా నిలబెట్టారు. 1417లో కాన్‌స్టన్స్‌లో, 1434లో బాజెల్‌లో. మీకన్నా ముందే మాకు సువార్త వచ్చిందని. ఇక్కడ చర్చి గోడకి చెక్క పలకలు మడతపెట్టే పెద్ద పుస్తకంలా తగిలించి, వచ్చేపోయే యాత్రికులు చదువుకునేలా మొత్తం కథ రాసిపెట్టారు. ఆ పలకలు ఆక్స్‌ఫర్డ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

మధ్యాహ్నం వేరియాల్ గుట్ట ఎక్కాం. ఇది చివరి అంకం. యోసేపు ఇక్కడ దిగి అలసిపోయి చేతికర్ర నేలలో గుచ్చాడని, అది వేళ్లూని ముళ్లచెట్టయి ఏటా క్రిస్మస్‌కి పూస్తుందని చెబుతారు. చెట్టు మాత్రం నిజం. మామూలుగా మే నెలలో పూసే జాతి ఇక్కడ చలికాలంలోనూ పూస్తుంది. ఆ పూత గురించి 1520లో అచ్చయిన పద్యంలో ఉంది. చేతికర్ర కథ మాత్రం 18వ శతాబ్దం మొదట్లో ఒక సత్రం యజమాని చెప్పేదాకా ఎక్కడా రాతలో లేదు! మఠం పోయి అప్పటికి నూట డెబ్బై ఏళ్లు దాటింది. కథ పుట్టించడానికి సన్యాసులు కూడా అక్కర్లేకపోయింది.

ఈ తేదీకీ ఒక సంగతి ఉంది. 1752లో ఇంగ్లండ్ క్యాలెండర్ మార్చి పదకొండు రోజులు తీసేసింది. అసలు క్రిస్మస్ ఏదో చెట్టే చెబుతుందని ఆ శీతాకాలం జనం పోగయ్యారట. కొత్త తేదీకి పూయలేదని, పాత క్రిస్మస్ అయిన జనవరి 5కి పూసిందని 1753లో పత్రికలో వేశారు. మేము నిలబడింది సరిగ్గా అదే రోజు. చెట్టు మాత్రం లేదు. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో అసలు చెట్టు నరికేశారు. 1950ల మొదట్లో గుట్ట మీద మళ్లీ నాటిన దాన్ని 2010 డిసెంబరులో ఎవరో రాత్రికి రాత్రి నరికారు. గాలి విసిరి కొడుతోంది. కింద లోతట్టు పొలాలన్నీ వాన నీళ్లతో మెరుస్తున్నాయి. ఈ ఊరిని ఒకప్పుడు దీవి అన్నారంటే అందులో అబద్ధం లేదు.

నాలుగో రోజు, జనవరి 6

పొద్దున్నే టోర్ కొండ. 158 మీటర్లే, అయినా నా మోకాళ్లకి చాలా పెద్దది. పైన సెయింట్ మైకేల్ చర్చి గోపురం ఒంటరిగా ఉంటుంది. 1275 భూకంపానికి అక్కడి మొదటి చర్చి పడిపోతే మళ్లీ కట్టారు. అదీ పోయి గోపురం మిగిలింది. 1539 నవంబరు 15న, ఎనిమిదో హెన్రీ మఠాన్ని లాక్కుంటున్నప్పుడు, ఆఖరి మఠాధిపతి రిచర్డ్ వైటింగ్‌ని ఈ కొండ మీదే ఉరి తీశారు. ముసలివాడు. తల అబ్బే గేటుకి తగిలించారు. కథలన్నీ ఎక్కడికి చేరాయో తలుచుకుంటే గుండె బరువెక్కింది. యోసేపు పేరు ఆయన్ని కాపాడలేదు. మేం అక్కడ కాసేపు ప్రార్థన చేసుకుని దిగాం.

మా గుంటూరు సంఘానికి పుట్టినరోజు ఉంది. 1842లో మిషనరీ హయ్యర్ అయ్యగారు వచ్చారు, ఆయన రాసిన రిపోర్టులున్నాయి. తేదీ తెలిసినందుకు మా భక్తి తగ్గిందేమీ లేదు. దిగేటప్పుడు అమ్మాయితో అదే అన్నాను.

బస్సుకి ఇంకా టైముంది. ఊళ్లో సెయింట్ జాన్ చర్చి ఆవరణలో ఒక ముళ్లచెట్టు ఉంది, పాత చెట్టు కొమ్మ అంటు కట్టి పెంచిన వంశం. డిసెంబరులో దీని కొమ్మే కోసి రాజుగారికి పంపుతారు. వానకి తడిసి నల్లబడిన కొమ్మల్లో అక్కడక్కడ తెల్లటి పూలు, ఒక్కోటి మన మెంతి గింజంత మొగ్గలోంచి విప్పుకుని. ఐదు రేకులు, మధ్యలో గులాబి రంగు చుక్కల్లా పుప్పొడి. ఈ చలిలో అవి పూయడం మటుకు నా కళ్లతో చూశాను.

అమ్మాయి ఫోటో తీసి వాళ్లమ్మకి పంపింది. రెండు నిమిషాల్లో అక్క ఫోన్.

"ఏమేవ్, అది యోసేపు నాటిన చెట్టేనా?"

"నాటాడట అక్కా."

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "సరేలే. రాలిన రేకు ఒకటి దొరికితే తీసుకురా, బైబిల్లో పెట్టుకుంటా" అంది.

వంగి గడ్డిలో వెతికాను. తడిసిన రేకు ఒకటి దొరికింది. నోట్‌బుక్‌లో పెట్టి, బస్సు ఎక్కాం.